పెళ్ళికొడుకు కళ్ళు

వస్తాడు. రాకేం చేస్తాడు. మా ఆయన ఎక్కడికైనా వస్తానని రాకుండా ఉన్న మనిషి కాదు, కాకపోతే అందరూ చెప్పులు వేసుకుంటున్న వేళకి వస్తాడు, వచ్చి ఆవులిస్తూ అయిపోయిందా అంటాడు, ఇవాళ కూడా అలాగే వస్తాడు, విడాకులకి కూడా అలాగే వస్తాడు, వచ్చి అయిపోయిందా అని అడిగితే మాత్రం ఈ ఫోటో తీసి నెత్తి మీద కొడతాను, ఫ్రేము టేకుది, గట్టిగానే తగులుతుంది. లాయరు గారి గది బయట ఈ చెక్కబల్ల మీద కూర్చుని నా పెళ్ళి ఫోటోని ఒళ్ళో పెట్టుకున్నాను, దిండు గలీబులో దూర్చి తెచ్చాను, సగానికి సగం బయటికే ఉంది. విడాకులకి పెళ్ళి ఫోటో దేనికండీ అని ఫోనులో అడిగితే, పెళ్ళయిందని రుజువు ఉండాలి కదమ్మా, పెళ్ళే లేకపోతే నేను విడగొట్టేదేముంది అన్నాడు లాయరు గారు. నిజమే మరి. చిన్న ఫోటో చాలన్నాడు. చిన్నది లేదు, ఉన్నది ఇదొక్కటే, గోడంత. బస్సులో దీన్ని గుండెలకి ఆనించుకుని నిలబడితే ఒక పెద్దాయన గబుక్కున లేచి సీటిచ్చాడు, ఎప్పుడు పోయారమ్మా అని మెల్లగా అడిగాడు, చాలా ఏళ్ళయిందండీ అనేశాను. కూర్చున్నాను. ఆయనకి నా మీద ఎంత జాలి వేసిందో, ఈ మధ్య నా వంక అంత శ్రద్ధగా చూసిన మగవాడు ఆయనొక్కడే.

తలుపు తెరుచుకుంది. ఆయన కాదు, లాయరు గారే. ఎడమ బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది, పన్ను పీకించుకున్నాడట, నోట్లో దూది. వచ్చారా, అని దూదిలోంచి అడిగి, రాలేదు, అని తనే జవాబు చెప్పుకుని లోపలికి పోయాడు. రేపు మధ్యాహ్నం ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ కోర్టు సెలవులయ్యాకే కనిపిస్తాడు, ఇవాళ ఇద్దరం సంతకాలు పెడితే పొద్దున్నే కాగితాలు దాఖలు చేసేస్తాడు, లేకపోతే లేదు. టైపు చేసే ఆవిడ అద్దాల పైనుంచి నన్ను చూస్తోంది. మంచినీళ్ళు కావాలా అంది. వద్దన్నాను. కావాలి నిజానికి, నాలుక అట్టకట్టుకుపోయింది, కానీ నీళ్ళు తాగుతుంటే మా ఆయన వస్తాడేమో, నోట్లో నీళ్ళు పెట్టుకుని కనిపించడం నాకిష్టం లేదు. ఎలా కనిపించాలనుకుంటున్నానో అదీ తెలియదు. మంచి చీరే కట్టుకున్నాను, ఎందుకు కట్టుకున్నట్టు. బుద్ధుందా నాకు. సరే, ఎవరికీ చెప్పని మాట నాకు నేనైనా చెప్పుకోవాలి కదా, నేను ఇక్కడ కూర్చున్నది ఆయన సంతకం కోసం కాదు, ఆయన ఆ తలుపు తోసుకుని వచ్చి, వద్దు, అంటాడని. ఆ ఒక్క మాట. గట్టిగా కూడా అక్కర్లేదు. అంటే ఈ ఫోటో ఎత్తుకుని అదే బస్సులో ఇంటికి పోతాను. అనకపోతే అక్కడితో సరి. మా చెల్లెలూ నేనూ ఒకే కంచంలో తింటూ చూసిన ఆ ప్రేమ సినిమాలన్నిటిలో అంతే కదా, చివర్లో వాడు పరుగెత్తుకుంటూ వస్తాడు, వానలో తడుస్తూ వస్తాడు, రైలు కదులుతుంటే వస్తాడు, వచ్చి ఆగు అంటాడు. ఆ సినిమాలు తీసినవాళ్ళు కనిపిస్తే ఒక్కటి అడగాలి, బాబూ, ఆగు అన్న మర్నాటి నుంచి వాడు ఇంట్లో ఏం చేస్తాడు, తడి తువ్వాలు మంచం మీద వెయ్యడా.

మాదీ అలాగే మొదలైంది మరి. మా నాన్నకి నడుం నొప్పి, గట్టి పరుపు కావాలి, పరుపుల షోరూముకి నేనే వెళ్ళాను, మా నాన్న రాడు, ఆయన ఏ నిర్ణయం దగ్గరికీ స్వయంగా వెళ్ళేవాడు కాదు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని మీ అమ్మనడుగు అనేవాడు, అమ్మనడిగితే మీ నాన్ననడుగు అనేది, అలా ఇద్దరి మధ్యా నేను ఇరవై ఏళ్ళు నడిచాను. షోరూములో ఎవరూ లేరు. కిటికీ పక్క పెద్ద మంచం, దాని మీద ఒకడు టై కట్టుకుని, బూట్లు విప్పి, నిద్రపోతున్నాడు, గుండెల మీద ధర చీటీ. నేను ప్రకటన కోసం పడుకోబెట్టారనుకున్నాను. అంత హాయిగా నిద్రపోతున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, మా ఇంట్లో అందరం భుజాలు బిగబట్టుకునే నిద్రపోయేవాళ్ళం. నవ్వాగలేదు నాకు. ఆ నవ్వుకి కళ్ళు తెరిచాడు, లేవలేదు, సిగ్గుపడలేదు, పడుకునే నన్ను చూసి, ఇది మంచిదండీ, అన్నాడు. పరుపు గురించే, అక్కడ పరుపులమ్మేది అతనే. అయినా నాకు గుండె ఝల్లుమంది. ఆ కళ్ళు, ఆ చూపు. ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా ఆ రోజు కళ్ళు రావడం లేదు, ఈ ఫోటోలో కళ్ళే వచ్చి అక్కడ కూర్చుంటున్నాయి, అది నా చేతులారా చేసుకున్నదే.

ఎందుకంటే ఈ కళ్ళు ఆయనవి కావు. నేను ఫోటో స్టూడియోలో పని చేస్తాను, వెనక గదిలో, కంప్యూటరు ముందు. పెళ్ళి ఫోటోలు బాగుచెయ్యడం నా పని. గుంపు ఫోటో అంటే ఎవడో ఒకడు రెప్ప వెయ్యకుండా ఉండడు, వాడి తల ఇంకో ఫోటోలోంచి తెచ్చి పెడతాను, మొటిమలు తీస్తాను, పొట్టలు లోపలికి నెడతాను, అలిగి రాని మేనమామని వెనక వరసలో నిలబెడతాను, గొడవ పడ్డ వదినగారిని గోడలో కలిపేస్తాను. నా పెళ్ళికి మా ఓనరే స్వయంగా వచ్చి తీశాడు, ఊరికే తీశాడు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీశాడు, తీరా కంప్యూటరులో వేసి చూస్తే ఒక్క దాంట్లోనూ పెళ్ళికొడుకు కళ్ళు తెరిచి లేవు. ఒక్క దాంట్లోనూ. సగం మూసినవి, మొత్తం మూసినవి, ఒకదాంట్లో నోరు కూడా తెరిచి ఉంది, గురక పెడుతున్నాడేమో. ఓనరు నా వంక చూడలేక సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి పోయాడు. నేను కొత్త పెళ్ళికూతుర్ని, ఆ వెనక గదిలో ఒక్కదాన్నే కూర్చుని నా మొగుడి మొహం మీద కళ్ళు వెతుక్కున్నాను. డ్రాయరులో తీసుకెళ్ళని పాస్‌పోర్టు ఫోటోలు ఉంటాయి, తీయించుకుని మళ్ళీ రాని వాళ్ళవి. అందులో ఒకతను దొరికాడు. ఎవరో తెలియదు. ఏ ఉద్యోగానికో తీయించుకుని ఉంటాడు, ఉద్యోగం వద్దనుకున్నాడో, ఊరే విడిచిపోయాడో. అతని కళ్ళు భలేగా ఉన్నాయి, పూర్తిగా మేలుకుని ఉన్నాయి. వెలుగు మాత్రం కుడి నుంచి పడింది, మా పెళ్ళిలో ఎడమ నుంచి, అందుకని కళ్ళలో మెరుపు చుక్క సరిపోవడానికి రెంటినీ అద్దంలో చూపినట్టు తిప్పి అతికించాను. అతుకు ఎక్కడుందో మా ఓనరు కూడా పట్టుకోలేకపోయాడు. మిగతా ఫోటోలన్నీ చెరిపేశాను, నిద్రపోతున్న పెళ్ళికొడుకుని ఎవరు దాచుకుంటారు. దీన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, మంచానికి ఎదురుగా పెట్టించాను. రోజూ లేవగానే ఎదురుగా ఆ కళ్ళు, పక్కన ఈ గురక. నేను ఎవరితో కాపురం చేశానో నాకే సరిగ్గా చెప్పడం రాదు, కోర్టులో అడుగుతారో ఏమో.

ఏదో చప్పుడు. మెట్ల మీద. కాదు, పై అంతస్తుకి వెళ్ళిపోయాడు ఎవరో, ఆ నడకలో తొందర ఉంది, మా ఆయన నడక కాదు. ఫ్యాను టకటకమంటోంది. ఈ ఫ్యాను కింద ఎంతమంది ఆడవాళ్ళు కూర్చుని ఉంటారో, బల్ల మధ్యలో చెక్క అరిగి నున్నగా అయింది. మా అమ్మ అంటుంది, తాగుతాడా, లేదు, కొడతాడా, లేదు, తిరుగుతాడా, లేదు, ఇంకేం కావాలే నీకు, అని. ఏమని చెప్పను అమ్మకి. మెలకువ కావాలి అని చెప్పనా. తిరగడానికైనా మేలుకోవాలి కదమ్మా. సినిమా హాల్లో నిద్ర, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడి నిద్ర, నేను మా ఓనరు నన్ను ఎంత మాటన్నాడో చెప్పుకుని ఏడుస్తుంటే ఊఁ ఊఁ అంటూ నిద్ర, ఊఁ మాత్రం ఆగదు, అదొక విద్య. డాక్టరుకి చూపించాను, అన్ని పరీక్షలూ చేసి, బంగారంలా ఉన్నాడమ్మా, ఏ రోగమూ లేదు అన్నాడు. నాకు ఆ రోజు వచ్చినంత ఏడుపు ఎప్పుడూ రాలేదు అనుకున్నాను. తర్వాత వచ్చింది.

దాని గురించి ఇప్పుడు వద్దు. వద్దనుకుంటే ఆగుతుందా. మధ్యాహ్నం, ఆసుపత్రి, కిటికీకి ఆకుపచ్చ తెర, డాక్టరమ్మ మిషను నా పొట్ట మీద అటూ ఇటూ జరుపుతోంది, జరుపుతూ మాట్లాడటం మానేసింది, అప్పుడే తెలిసిపోయింది నాకు. లోపల చప్పుడు లేదమ్మా అంది. భర్తని పిలవమంది. నర్సు వెళ్ళింది, తలుపు ఓరగా ఉంది, వరండాలో కుర్చీ, కుర్చీలో ఆయన, తల వెనక్కి వాల్చి. ఏవండీ అంది నర్సు. ఏవండీ అంది మళ్ళీ. భుజం కుదిపింది. మా ఆయన కళ్ళు తెరవకుండానే, షాపులో అలవాటు, ఇది మంచిదండీ, అన్నాడు. ఏది అంది నర్సు. ఆయన మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు. నాకు నవ్వొచ్చింది. చచ్చిపోయిన బిడ్డని కడుపులో పెట్టుకుని నేను నవ్వాను, నవ్వు ఆగలేదు, మంచం ఊగిపోయింది, డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అప్పుడు అది ఏడుపయింది. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చిన్న పరుపు ఒకటి తెచ్చాడు అంతకుముందు, ఉయ్యాలలోకి, షాపు నుంచి, కవరు కూడా విప్పలేదు. బీరువా మీద పెట్టాడు. తిరిగి ఇచ్చెయ్యండి, నాకు కనపడకూడదు అన్నాను. ఊఁ అన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఎప్పుడు కంటబడినా దాని మీద దుమ్ము మాత్రం ఉండదు, నేను తుడవను, ముట్టుకోనైనా ముట్టుకోను. ఎవరు తుడుస్తున్నట్టు. ఏమో, గాలికి పోతుందేమో.

విడిపోదామండీ అన్నాను మొన్న, టీ గ్లాసు ఇస్తూ. వేడిగా ఉందని ఊదుకున్నాడు. నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం. మా నాన్న పేపరు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నట్టే, ఈయన ఆవిరి అడ్డం పెట్టుకుని అన్నాడు. నీ ఇష్టం అనే మగవాణ్ణి ఏం చెయ్యాలి, తిట్టడానికి పట్టు దొరకదు, ఏ వైపు నుంచి తోసినా పరుపులా మెత్తగా లోపలికి పోతాడు, చెయ్యి తీసేస్తే మళ్ళీ మామూలే. దేవుడా, ఒక్కసారి నామీద కోపం తెప్పించు ఆయనకి. గ్లాసు విసిరికొట్టించు. లాయరు గారు మళ్ళీ తొంగి చూశాడు, బుగ్గ పట్టుకుని, ఇక నేను తాళం వేసుకోవాలమ్మా అన్నాడు దూదిలోంచి, టైపు ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసింది, బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఐదు నిమిషాలండీ, మీకు దణ్ణం పెడతాను, వచ్చేస్తాడు అన్నాను. నా గొంతు విని నాకే అసహ్యం వేసింది. విడాకులకి రమ్మని మొగుణ్ణి బతిమాలుకునే ఆడది ఈ లోకంలో ఎవతైనా ఉంటుందా. రా, వచ్చి చావు, వచ్చి వద్దని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

వచ్చాడు. జుట్టు ఎడమ పక్క అణిగిపోయి, చెంప మీద కుట్టు అచ్చు, పరుపు కుట్టే, చొక్కా జేబులో కొలత టేపు. అయిపోయిందా అనలేదు. సారీ అండీ అన్నాడు లాయరు గారితో, నన్ను చూసి తల ఊపాడు, బస్టాపులో పక్కింటావిడని చూసి ఊపినట్టు. లోపలికి వెళ్ళాం. నేను ఆయన నోటి వంకే చూస్తున్నాను. లాయరు గారు కాగితాలు ముందుకి తోశాడు. మా ఆయన పెదవులు విడివడ్డాయి.

"ఎక్కడండీ?" అన్నాడు.

ఇక్కడ, ఇక్కడ, చివర్లో ఒకటి. పెట్టాడు. నా పెన్నుతోనే పెట్టాడు. చదవను కూడా లేదు. నేనూ పెట్టాను, అక్షరాలు అలుక్కుపోయాయి, ఏమైతేనేం, పెట్టాను. అయిపోయింది. ఇంతే. వానా లేదు, రైలూ లేదు. నాకు ఏడుపు కూడా రావడం లేదు, నీరసంగా ఉంది, ఇందాక వద్దన్న మంచినీళ్ళు తాగాలని ఉంది. లాయరు గారు గలీబులోంచి ఫోటో బయటికి లాగాడు. ఫోటోని చూశాడు. మా ఆయన్ని చూశాడు. మళ్ళీ ఫోటోని.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనేనండీ."

"ఏదో తేడాగా ఉందే."

"మొహం నాదే సార్" అన్నాడు మా ఆయన. "కళ్ళు నావి కావు."

లాయరు గారు దూది సంగతి మరిచిపోయి నోరు తెరిచాడు. మా ఆయన బల్ల మీదికి వంగి, ఎడమ కంటి కింద వేలు పెట్టి రెప్ప కిందికి లాగి చూపించాడు. "ఈ చుక్క చూడండి, తెల్లగుడ్డు మీద. పుట్టినప్పటి నుంచీ ఉంది. ఫోటోలో లేదు." లాయరు గారు చూశాడు. టైపు ఆవిడ బ్యాగు దించి వచ్చి చూసింది. నేనూ చూశాను. గోధుమరంగు చుక్క, ఆవగింజంత, బయటి మూల దగ్గర. లోకంలో అందరి మొహాల మీది మచ్చలూ తీసే దాన్ని, ఇన్నేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న దాన్ని, ఆ చుక్క నేను ఎప్పుడూ చూడలేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"మేకు కొట్టి తగిలించింది నేనే కదా."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేమండీ?"

ఆలోచించాడు. ఆయన ఆలోచించడం చూసి ఎన్నాళ్ళయిందో. "నువ్వు లేవగానే దాన్నే చూస్తావు కదా" అన్నాడు. "ఎవరివో గానీ, నేను నిద్రపోయినా అవి మేలుకునే ఉంటాయి, నిన్ను కనిపెట్టుకుని ఉంటాయి కదా అని ఊరుకున్నాను."

మా కాపురంలో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట ఇదే. ఏం చేసుకోవాలి దీన్ని. విసిరి కొట్టాలా, దాచుకోవాలా. ఇది ప్రేమా, పెళ్ళాన్ని ఎవడో దారినపోయే వాడి కళ్ళకి అప్పజెప్పి ముసుగుతన్ని పడుకోవడం ప్రేమేనా, ఛీ, ఇంతకన్నా తాగుబోతు నయం, అని ఒక పక్క ఒళ్ళు మండిపోతోంది, ఇంకో పక్క బీరువా మీద చిన్న పరుపు, దాని మీద దుమ్ము లేకపోవడం, గాలికి దుమ్ము పోదు కదా, గాలికి దుమ్ము వస్తుంది. నేను అడుగుదామని నోరు తెరిచాను. లాయరు గారు అడ్డం వచ్చాడు. ఇలాంటి ఫోటో కోర్టులో పెడితే నా లైసెన్సు పోతుంది తల్లీ, ఇద్దరూ కలిసున్నది ఇప్పుడే నేనొకటి తీస్తాను, మిగతాది సాక్షులతో చూసుకుందాం, ఆ గోడ దగ్గర నిలబడండి, అని ఫోను తీశాడు. నిలబడ్డాం. ఇంకొంచెం దగ్గరగా జరగండి అన్నాడు, ఎవరితో ఏమంటున్నాడో తెలిసినట్టు లేదు. జరిగాం. మా ఆయన భుజం తగిలింది, కొత్త పరుపుల వాసన, రబ్బరు వాసన. ఇద్దరి కళ్ళూ తెరిచి ఉండాలి, అది ముఖ్యం, అన్నాడు లాయరు గారు. పక్కకి చూస్తే మా ఆయన గుడ్లప్పగించి కెమేరాని చూస్తున్నాడు, రెప్ప వెయ్యడం లేదు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నా వెయ్యడం లేదు, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది ఇవాళ, దీనికి. ఫ్లాషు వెలిగింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"అమ్మా, మీవి మూసుకుపోయాయి. ఇంకోటి."

మళ్ళీ వెలిగింది. మళ్ళీ మూశాను. వెలుగుకి కాదు, ముందే మూశాను. నా రెప్పలు నా మాట వినడం లేదా, నేనే వాటికి చెప్పానా. కళ్ళు తెరిచిన ఫోటో ఒక్కటి వస్తే చాలు, పొద్దున్నే కాగితాలు వెళ్ళిపోతాయి, ఇక మేమిద్దరం ఏ గోడ దగ్గరా దగ్గరగా జరగం. తెరవండమ్మా, బుగ్గ లాగేస్తోంది నాకు, అంటున్నాడు లాయరు గారు. పక్కన మా ఆయన ఊపిరి నెమ్మదించింది, నిలబడి నిద్రపోయేటప్పుడు కూడా అలాగే నెమ్మదిస్తుంది, బస్సులో ఎన్నిసార్లు వినలేదు. నేను ఇంకా గట్టిగా మూసుకున్నాను. అప్పుడు ఆయన నా చెవి దగ్గరే, మెల్లగా, ఎవరితోనో తెలియదు, ఇది మంచిదండీ, అన్నాడు.

మెలకువలో అన్నాడో, నిద్రలో అన్నాడో. కళ్ళు తెరిస్తే తెలిసిపోతుంది. తెరిస్తే లాయరు గారు ఫోటో తీసేస్తాడు. ఒకటి, రెండు, అంటున్నాడాయన దూదిలోంచి. నేను తెరవలేదు.